డునాడ్ గుట్ట మీద స్కాట్ల పేరు

స్కాట్లాండ్‌లోని డునాడ్ గుట్టకు వెళ్లాలంటే గ్లాస్గో బుకానన్ బస్టాండ్‌లో క్యాంప్‌బెల్‌టౌన్ వెళ్లే 926 నంబరు బస్సు ఎక్కి లాక్‌గిల్ప్‌హెడ్‌లో దిగాలి. కుడివైపు కిటికీ దొరికితే టార్బెట్ దాకా లాక్ లోమండ్ సరస్సు చూస్తూ వెళ్లొచ్చు. తర్వాత రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్ కనుమ. గట్టి వానలకు అక్కడ కొండచరియలు జారితే పెద్ద రోడ్డు మూసేసి, కిందున్న పాత మిలటరీ రోడ్డు మీదుగా బండ్లను విడతలుగా వదులుతారు. అందుకే తిరుగు బస్సుకు బాగా ఎడం పెట్టుకోవాలి. టికెట్ ధరను రూపాయల్లోకి మార్చి చూసుకోకపోవడమే మంచిది.

లాక్‌గిల్ప్‌హెడ్ నుంచి ఓబన్ రోడ్డులో ఆరేడు కిలోమీటర్లు పోతే చిత్తడి నేల మధ్య డునాడ్ రాతిగుట్ట. ఎత్తు యాభై మీటర్ల పైచిలుకే గానీ తడి రాయి జారుతుంది, పట్టున్న బూట్లు ఉండాలి. ప్రవేశ రుసుం లేదు. దాల్ రియాటా అనే పాత గేలిక్ రాజ్యపు రాజులకు ఇది కోట. పైన రాతిలో చెక్కిన పాదముద్ర ఉంది, పట్టాభిషేకంలో రాజు అందులో కాలు పెట్టేవాడంటారు. తీరా కాలు పెట్టాక తెలిసింది, అది నకలు! అసలు రాయిని దాని కింద దాచారు. ఇంత దూరం వచ్చి నకలు తొక్కడమా అని చిరాకేసింది.

స్కాట్ అనే పేరుదీ ఇదే కథ, అసలుది వేరేచోటిది. రోమన్లు స్కోటీ అన్నది ఐర్లాండ్ నుంచి వచ్చి బ్రిటన్ మీద పడ్డ గేల్‌లను, అంటే గేలిక్ భాష మాట్లాడేవాళ్లను. ఆ మాట ఎలా పుట్టిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. 9వ శతాబ్దపు ఐరిష్ తత్వవేత్త ఎరియుజెనాను జాన్ స్కోటస్ అన్నారంటే, అప్పట్లో ఆ మాటకు ఐరిష్‌వాడనే అర్థం. (మన భాషను దొరలు జెంటూ అన్నారు. ఆ పేరు మనకు అంటలేదు, వీళ్లకు మాత్రం అంటుకుపోయింది.) దాల్ రియాటా అటు ఐర్లాండ్‌లోని ఆంట్రిమ్‌లో, ఇటు డునాడ్ ఉన్న ఆర్గైల్‌లో ఉండేది. 9వ శతాబ్దంలో ఇటువైపు గేల్‌లు, స్కాట్లాండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల పాతకాపులైన పిక్ట్‌లు ఒకే రాజ్యం కిందికి వచ్చి, అదే ఆల్బా అయింది. ఆ తర్వాత లాటిన్ రాతల్లో స్కోటియా అనే పేరు మెల్లగా ఐర్లాండ్‌ను వదిలి ఇక్కడ స్థిరపడింది.

అసలు తమాషా భాష దగ్గర. 15వ శతాబ్దంలో చాలాకాలం దాకా లోలాండ్స్ (స్కాట్లాండ్ పల్లపు ప్రాంతం) జనం ఇంగ్లిష్‌కు దగ్గరి చుట్టమైన తమ మాటను ఇంగ్లిస్ అనేవారు, స్కాటిస్ అంటే గేలిక్. శతాబ్దం చివరికొచ్చేసరికి ఇంగ్లిస్సే స్కాటిస్ అయి కూర్చుంది. పాపం గేలిక్‌కు ఎర్స్, అంటే ఐరిష్, అని పేరు పడింది. 1513లో రోమన్ కవి వర్జిల్ కావ్యం అనువాదం ముగించిన స్కాట్లాండ్ కవి గావిన్ డగ్లస్ తన భాషను స్కాటిస్ అనే రాసుకున్నాడు. పేరు తెచ్చినవాళ్ల భాషేమో సొంతగడ్డ మీదే పరాయిదైంది.

గుట్ట దిగాక ఉత్తరంగా ఇంకో ఐదారు కిలోమీటర్లు వెళ్లి కిల్‌మార్టిన్ మ్యూజియం కూడా చూసుకోండి. అక్కడి మనుషులను స్కాట్స్ అనండి, స్కాటిష్ అనండి. స్కాచ్ అన్నది విస్కీకి, ఉడికించిన గుడ్డుకు మాంసం చుట్టి వేయించే స్కాచ్ ఎగ్‌కు సరే గానీ, మనిషిని అంటే మొహం మాడుస్తారు.