చెట్టుకు కాసిన పూసలు

ట్రామ్ కిటికీలోంచి చూస్తే ఓక్ చెట్ల కొమ్మలనిండా పూసల దండలు! ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగు. ఊరేగింపుల్లో జనంమీదికి పూసల దండలు విసిరే మార్డీ గ్రా పండగ అయిపోయి నాలుగు నెలలైనా ఎవరూ తీయలేదు. కరెంటు తీగలకు చిక్కుకున్న మన సంక్రాంతి గాలిపటాలే గుర్తొచ్చాయి.

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్, సెయింట్ ఛార్లెస్ ట్రామ్ లైను. 1835 నుంచీ నడుస్తోంది (కుదుపులు చూస్తే నమ్మాల్సిందే).

సాయంత్రం ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ మూలమీద కుర్రాళ్ల బ్రాస్ బ్యాండ్. పక్కనున్న పెద్దాయన చెప్పారు, ఇక్కడ శవయాత్రకూ బ్యాండేనట. వెళ్లేటప్పుడు మెల్లగా, బరువుగా. తిరిగొచ్చేటప్పుడు హుషారుగా డాన్సులు.

చిన్నప్పుడు మా ఊళ్లో చావు డప్పు వినపడితే తలుపు చాటున దాక్కునేదాన్ని. ఈరోజు నడిరోడ్డు మీద నాకు తెలియకుండానే కాళ్లు ఆడించా.

ఇక్కడి బెన్యేల (నూనెలో వేయించిన పిండివంట) మీది పంచదార పొడి ఇంకా చున్నీకే ఉంది.