ఈబోర్ సిటీ చుట్టల షాపుల్లో మా అమ్మమ్మ

అమెరికాలో ఫ్లోరిడా వైపు టాంపా అనే ఊళ్లో పాత పేట ఈబోర్ సిటీ. అక్కడ ఏ చుట్టల షాపులో అడుగుపెట్టినా ముందు వినపడేది క్యూబా పేరే. గోడల నిండా హవానా వీధుల ఫొటోలు, స్పీకర్లో స్పానిష్ పాటలు, అద్దాల గదిలో పేర్చిన చుట్టల పెట్టెల మీద బంగారు రంగు కిరీటాలు. పెట్టె తిప్పి చూస్తే మాత్రం నికరాగువా, హోండురాస్, డొమినికన్ రిపబ్లిక్. "మరి క్యూబా ఏదీ?" అని అల్లుడి చేత అడిగిస్తే కౌంటర్ వెనక కుర్రాడు నవ్వి, "విత్తనం క్యూబాదే మేడమ్" అన్నాడు. పక్క షాపులోనూ అదే మాట. ఆ పై షాపులోనూ అదే. కోనసీమ కొబ్బరి మొక్క పట్టుకెళ్లి కడపలో పాతినా అది కోనసీమ కొబ్బరే అన్నట్టుంది వీళ్ల లెక్క.

బడిలో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని కదా, ఊరుకోలేకపోయాను. 1962లో అమెరికా అధ్యక్షుడు కెనడీ క్యూబా సరుకు మీద నిషేధం పెట్టాడు. అది ఇప్పటికీ ఉంది. పెట్టే ముందు తన ప్రెస్ సెక్రటరీని పంపి వెయ్యికి పైగా క్యూబా చుట్టలు ఇంటికి తెప్పించుకుని, అవి చేతికొచ్చాకే కాగితం మీద సంతకం పెట్టాడట. ఆ సెక్రటరీ సాలింజరే తర్వాత చెప్పుకున్నాడు. ఈ కథ కుర్రాడికి చెప్పమన్నాను. అల్లుడు చెప్పలేదు. "అత్తయ్యా, కస్టమర్లున్నారు" అని మెల్లగా గొణిగాడు.

అసలు మేం ఇక్కడికి రావడమే మా అమ్మాయికి ఇష్టం లేదు. టాంపా వచ్చిన వాళ్లంతా ఓర్లాండో వెళ్లి డిస్నీ చూస్తారు, నువ్వేమో పొగ షాపులకి పోతానంటావేంటి అని గొడవ. డిస్నీకి మనిషికి వంద డాలర్లు దాటే టికెట్టు, పైగా ఎండలో లైను. ఆ డబ్బుతో విశాఖలో నెల కూరగాయలొస్తాయి. మా ఆయన మోకాళ్ల నొప్పులని చెప్పి మనవడితో ఇంట్లో ఉండిపోయారు. దాంతో అత్తా అల్లుళ్లం బయల్దేరాం. డౌన్‌టౌన్‌లో కారు పెట్టి పసుపు రంగు స్ట్రీట్‌కార్ ఎక్కాం. టికెట్ లేదు! 2018 నుంచి ఉచితమట. అమెరికాలో ఊరికే దొరికిన వస్తువు నాకు ఇదొక్కటే కనబడింది. పార్కింగ్‌కి కట్టింది తల్చుకుంటే అదీ ఊరికే కాదనుకోండి.

దిగగానే కోళ్లు. సెవెంత్ అవెన్యూ మధ్యలోంచి ఒక పుంజు, వెనక నాలుగు పెట్టలు, పిల్లలు, తాపీగా రోడ్డు దాటుతున్నాయి. కార్లు ఆగి చూస్తున్నాయి. చుట్టల పనివాళ్లు పెరట్లో పెంచుకున్న కోళ్ల సంతతే ఇదంతా అంటారు. వాటిని పట్టుకోకూడదు, తరమకూడదు, ఊరి చట్టం ఒప్పుకోదు. మా శ్రీకాకుళం వైపు ఇంత ధైర్యంగా తిరిగే పుంజు సంక్రాంతి దాటదు.

ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. విసెంటే మార్టినెజ్ ఈబోర్ అని స్పెయిన్‌లో పుట్టి హవానాలో చుట్టల వ్యాపారం చేసిన ఆసామి, ఫ్లోరిడా దక్షిణ కొసనున్న కీ వెస్ట్‌లో పనివాళ్ల సమ్మెలతో విసిగి 1885లో ఇక్కడ నేల కొని ఫ్యాక్టరీ, చుట్టూ పనివాళ్లకి చిన్న చిన్న చెక్క ఇళ్లు కట్టించాడు. దగ్గర్లో రేవు, అప్పుడే వచ్చిన రైలు, ఆకు ఎండిపోకుండా ఉంచే తేమ గాలి, ఇవన్నీ కలిసొచ్చాయి. క్యూబా వాళ్లు, స్పెయిన్ వాళ్లు, సిసిలీ నుంచి ఇటలీ వాళ్లు వచ్చి పడ్డారు. 1929 నాటికి టాంపాలో ఏడాదికి 50 కోట్ల చుట్టలు చుట్టేవారు. తర్వాత సిగరెట్లొచ్చాయి, మాంద్యం వచ్చింది, మిషన్లొచ్చాయి, చివరికి నిషేధం వచ్చింది. ఇప్పుడా ఇటుక భవనాల్లో బార్లు, పచ్చబొట్ల షాపులు, వాటి మధ్య ఈ చుట్టల షాపులు.

షాపులన్నీ ఒకేలా ఉన్నాయి. లోపల తోలు కుర్చీలు, కుర్చీల్లో కాళ్లు బారజాపిన మగవాళ్లు, పెద్ద టీవీలో ఏదో ఆట. ఒక్కో చుట్ట పన్నెండు, పద్నాలుగు, పద్దెనిమిది డాలర్లు. ఏమీ కొనకుండా కూర్చుంటే మొహాలు ముడుచుకుంటారు. ఒకచోట నన్ను చూసి "మీ కోసం వెనిల్లా వాసనవి ఉన్నాయి" అన్నాడు. ఆడదాన్ని కాబట్టి తీపి వాసన కావాలనుకున్నాడు కాబోలు. అక్కడే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

నాకు రోజంతా గుర్తుండిపోయిన షాపు ఇంకొకటి. కిటికీ పక్కన చెక్క బల్ల వేసుకుని ఒక ముసలాయన చుట్టలు చుడుతున్నాడు. డెబ్బై దాటి ఉంటాడు. ఇంగ్లీషు ముక్కలు నాకెన్ని వచ్చో ఆయనకూ అన్నే. టూరిస్టులు ఫొటో తీసుకుని పోతున్నారు, ఆయన తలెత్తడం లేదు. నేను పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏమీ అనలేదు.

లోపల పెట్టే ఆకులు మూడు రకాలు. ఒక్కో ఆకునీ పొడుగ్గా మడత పెట్టి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి, గుప్పిట్లో పట్టుకుని బొటనవేలితో అక్కడక్కడా నొక్కి చూస్తాడు. గట్టిగా తగిలిన చోట చిటికెడు ఆకు లాగేస్తాడు. మధ్యలో గాలి ఆడకపోతే చుట్ట లాగదు మరి. దాని మీద కట్టు ఆకు చుట్టి చెక్క అచ్చులో పెడతాడు. అచ్చు నిండాక మూత వేసి ఇనప మరలో బిగిస్తాడు. అప్పటికే బిగిసి ఉన్న అచ్చు తీసి అసలు పని మొదలుపెడతాడు. పై ఆకు! అవతలి వెలుగు కనబడేంత పల్చన. దాన్ని బల్ల మీద పరిచి, పిడి లేని అర్ధచంద్రపు కత్తితో అంచు కోసి, ఏటవాలుగా తిప్పుకుంటూ వస్తే ఎక్కడా ముడత లేదు. తల దగ్గర రూపాయి బిళ్లంత ముక్క కోసి, వేలితో ఇంత జిగురు అద్ది టోపీ పెట్టేశాడు. రోజుకి ఎన్నని అల్లుడు సెల్లులో స్పానిష్ చూసి అడిగాడు. చేత్తో వంద అని చూపించి, భుజం నొక్కుకున్నాడు.

తర్వాతి ఆకుకి ఈనె ఉంది. ఆయన దాని కొస పట్టుకుని ఒక్క ఊపున లాగేశాడు, ఆకు రెండుగా విడిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు. మా అమ్మమ్మ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, సంతలో కొన్న పొగాకు కాడ మీద నీళ్లు చిలకరించి, ఈనె అలాగే లాగేది. చేతి వంక చూడదు, వీధిలో పోయేవాళ్లతో మాట్లాడుతూనే ఉంటుంది. "ఏటే అలా సూస్తన్నావు, బడికెల్లవా?" అని నన్ను కసిరేది.

చెయ్యి చాపాను. ముసలాయన ఒక క్షణం చూసి చిరిగిన ఆకొకటి ఇచ్చాడు. ఈనె లాగాను. ఆకు సగంలో చిరిగింది గానీ ఆయన మొహం విచ్చుకుంది. ఇంకో రెండు తుంపులు నా వైపు తోశాడు. వాటిని చుట్టి, చిన్న చుట్టలా చేసి, వెలిగించే వైపు నోటి దగ్గర పెట్టుకుని చూపించాను. ఆయన "నో, నో" అని కంగారుగా నా చేతిలోది తీసుకుని తిప్పి ఇచ్చాడు. నేను మళ్లీ తిప్పాను. ఆయన మళ్లీ సరిచేశాడు. అల్లుడికి నవ్వాగడం లేదు.

చివరికి అల్లుడే చెప్పాడు. మా ఊళ్లలో ఆడవాళ్లు చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటారు, అడ్డపొగ అంటారు, వీళ్ల అమ్మమ్మా అలాగే తాగేది అని. మడిలో వంగి నాట్లు వేసేటప్పుడు గాలికీ వానకీ ఆరదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అమ్మమ్మ పెదాలు బిగించి మాట్లాడేది కూడా. నుసి ఎప్పుడు ఊసేదో నేను చిన్నప్పుడెన్నిసార్లు చూసినా కనిపెట్టలేకపోయాను.

ఇది విని తోలు కుర్చీల్లోంచి ఒక్కొక్కరూ లేచి వచ్చారు. బేస్‌బాల్ టోపీ పెట్టుకున్నాయన "యోగానా?" అన్నాడు. ఇంకొకాయన సర్కస్ అనుకున్నాడు. పద్దెనిమిది డాలర్ల చుట్ట పట్టుకుని, ఏ ఆకు ఏ కొండ మీద పండిందో అప్పటిదాకా పక్కవాడికి పాఠం చెప్తున్న పెద్దమనిషి, అలా ఎలా కుదురుతుందని నన్ను ఎదురు ప్రశ్నలేశాడు. నాలుక కాలదా? కాలదు, నాలుక కిందకి పెట్టి పొగ లోపలికి లాగుతారు. మరి రుచి? అదే రుచి అనేది అమ్మమ్మ. ఎవరూ నమ్మలేదు. అల్లుడు రుజువు కోసం ఫోన్‌లో వెతికాడు. వచ్చినవి అమ్మమ్మల ఫొటోలు కావు, దంతవైద్యుల పత్రికల్లో అంగిలి ఫొటోలు. తెల్లటి మచ్చలు, పుళ్లు. శ్రీకాకుళం, విశాఖపట్నం పేర్లు కింద ఇంగ్లీషులో స్పష్టంగా ఉన్నాయి.

మా అమ్మమ్మకీ అంగిట్లోనే పుండు లేచింది. చివరి నెలల్లో గంజి కూడా దిగలేదు. ఆ మాట అల్లుడి చేత చెప్పించలేదు, అక్కర్లేకపోయింది. పెద్దమనిషి తన చుట్ట ఆష్‌ట్రేలో పెట్టేశాడు. కాసేపే. ముసలాయన మాత్రం ఫోన్ చూడలేదు, నేను చుట్టిన తుంపుల చుట్టని చేతిలో తిప్పుతూ ఏదో అన్నాడు. అల్లుడు అడిగితే మళ్లీ చెప్పాడు. వాళ్లమ్మ కూడా ఈనెలు తీసే పనికి వెళ్లేదట, హవానాలో.

ఈబోర్‌లో కూడా ఈనెలు తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే, జీతం తక్కువ. చుట్టే బల్లల దగ్గరకీ కొందరొచ్చారు. షాపు గోడల మీది పాత ఫొటోల్లో వరసగా కూర్చున్న ఆడవాళ్లున్నారు కూడా. వాళ్ల కింద కుర్చీల్లో ఇప్పుడు ఒక్క ఆడమనిషి లేదు, వెనిల్లా చుట్ట ఇవ్వజూపించుకున్న నేను తప్ప.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ చూశాం. వందకి పైగా ఉన్నవాటిలో టాంపాలో ఇంకా నడుస్తున్నది ఇదొక్కటే, జె.సి. న్యూమన్ వాళ్లది. గడియారపు గోపురం ఉన్న ఎర్ర ఇటుక భవనం, 1910 నాటిది. వాళ్లు 1895లో ఒహాయోలో మొదలుపెట్టి 1950ల్లో ఇక్కడికి మారారు. 1930ల నాటి మిషన్లు ఇప్పటికీ టకటకమంటూ నడుస్తున్నాయి. ఆ చప్పుడులో గైడు చెప్పింది సగమే వినపడింది.

వినపడిన సగంలో నన్ను పట్టేసింది చదివేవాడి సంగతి. చుట్టలు చుట్టే హాల్లో ఎత్తైన పీట వేసి, దాని మీద కూర్చుని ఒకడు గట్టిగా చదివేవాడు. పొద్దున పేపర్లు, తర్వాత నవల. వందల మంది చేతులు పని చేస్తుంటే చెవులు కథ వినేవి. అతని జీతం యజమాని ఇవ్వడు, పనివాళ్లే చందా వేసుకుని ఇచ్చేవారు. ఏ నవల చదవాలో కూడా వాళ్లే ఓటేసి తేల్చేవారు. అక్షరం రాని వాళ్లకి కూడా ఊరి సంగతులు, దేశం సంగతులు, రాజకీయాలు అన్నీ తెలిసేవి. అదే యజమానులకి నచ్చలేదు. 1931లో కమ్యూనిజం నేర్పుతున్నారని ఆ పీటలు తీయించేశారు. పనివాళ్లు సమ్మె చేశారు. చదివేవాడు తిరిగి రాలేదు, ఆ చోట రేడియో వచ్చింది. పేపర్ వినడానికి జీతంలోంచి చిల్లర తీసి ఇచ్చిన వాళ్లని తల్చుకుంటే, నా క్లాసులో పుస్తకం తెరవమంటే నసిగిన పిల్లలంతా గుర్తొచ్చారు. అల్లుడు మాత్రం "ఇప్పుడు పాడ్‌కాస్టులున్నాయి కదా అత్తయ్యా" అన్నాడు. పాడ్‌కాస్ట్‌కి ఓటేసే హక్కు నీకుందా బాబూ అన్నాను.

తిరిగొస్తూ హోసే మార్తీ పార్కు దగ్గర ఆగాం. గేటుకి తాళం. క్యూబా స్వాతంత్ర్యం కోసం ఇక్కడి చుట్టల పనివాళ్ల దగ్గర చందాలు పోగుచేసిన మార్తీ, ఈ చోట ఉన్న పౌలినా పెద్రోసో ఇంట్లో దిగేవాడు. ఆమె నల్లజాతి క్యూబా వనిత, పూటకూళ్ల ఇల్లు నడిపేది. ఇప్పుడీ పార్కు నేల చట్టప్రకారం క్యూబా దేశానిది. మట్టి కూడా అక్కడి రాష్ట్రాల నుంచి తెచ్చి పోశారట. ఊరంతా క్యూబా బోర్డులు పెట్టుకుని అమ్ముకుంటోంది, నిజంగా క్యూబాది అయిన ఈ కాస్త జాగాకేమో తాళం! చువ్వల్లోంచి మార్తీ తెల్ల విగ్రహం చూసి వచ్చేశాం.

తిండి సంగతి పెద్దగా లేదు. ఇక్కడి శాండ్‌విచ్‌లో పంది మాంసం, హ్యామ్, దాని మీద సలామీ. సలామీ పెట్టాలా వద్దా అని మయామీ వాళ్లకీ వీళ్లకీ ఏళ్ల తరబడి పంచాయితీ. నేను వెన్న రాసిన క్యూబా బ్రెడ్డు, పాల కాఫీతో సరిపెట్టుకున్నాను. బ్రెడ్డు కాల్చే ముందు పైన తాటాకు లాంటి ఆకు పేలిక నొక్కుతారు, ఆ గీత వెంట పగులు వస్తుంది. కాఫీ మాత్రం మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా ఉంది, అమెరికా వచ్చాక తాగిన మొదటి మంచి కాఫీ అది.

వెళ్లేముందు మళ్లీ ముసలాయన షాపుకే వెళ్లాం. ఆయన పని ముగించి వెళ్లిపోయాడు, బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. అల్లుడు మొహమాటపడి పన్నెండు డాలర్లు పెట్టి ఒక చుట్ట కొన్నాడు. వీధిలో వెలిగించి రెండు దమ్ములు లాగి, దగ్గి, కళ్లు తుడుచుకుని చెత్తబుట్ట వెతుక్కున్నాడు. నా చూపు మూలన పేర్చిన ఖాళీ చెక్క పెట్టెల మీద పడింది. దేవదారు వాసన, ఇత్తడి గొళ్లెం, మూత మీద రంగుల బొమ్మ. దారపు ఉండలకీ బొత్తాలకీ బాగుంటుంది. ఐదు డాలర్లన్నాడు. చుట్టలు అమ్మేశాక పారేసే పెట్టెకి ఐదు డాలర్లా? రెండున్నర అన్నాను. కుర్రాడు తెల్లబోయి లోపలికి వెళ్లి ఓనర్ని అడిగొచ్చాడు. మూడుకి ఇచ్చాడు. అమెరికాలో ఎవరూ బేరం ఆడరని, ఇక ఈ వీధిలో తన మొహం చూపించలేనని అల్లుడు స్ట్రీట్‌కార్ ఎక్కేదాకా సణుగుతూనే ఉన్నాడు. పార్కింగ్ బిల్లు కట్టేటప్పుడు మాత్రం నోరెత్తలేదు.