రిపోర్టు శనివారం, డాక్టరేమో సోమవారం

నాకు తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఊళ్లోవాళ్ల ఈసీజీలు, స్కానింగ్ రిపోర్టులు రోజూ కాపీలు తీసిస్తుంటాను, ఒక్కటీ చదవను. పోయిన నెల మాత్రం నా రిపోర్టే రెండు రాత్రులు కూర్చుని చదివాను.

రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె ఒక్కసారి ఆగినట్టు, వెంటనే లోపలి నుంచి ఎవరో గుద్దినట్టు. నాడి పట్టి చూసుకుంటే నిజంగానే మధ్యలో ఒక దెబ్బ లేదు. మా అమ్మ "గ్యాసురా అబ్బోడా, వాము నమలు" అంది, నెల రోజులు నమిలాను. ఈసీజీ నార్మల్. అది తీసేది పది సెకన్లు, ఆ పది సెకన్లూ నా గుండె బుద్ధిగా కొట్టుకుంది. ఎకో, అదే గుండె స్కానింగు, నార్మల్, థైరాయిడ్, పొటాషియం, రక్తం అన్నీ నార్మల్. చివరికి హోల్టర్ పెట్టారు, అంటే రోజంతా గుండె దెబ్బలను రికార్డు చేసే మిషను. ఛాతీ మీద వెంట్రుకలు గీకి, స్టిక్కర్లు అంటించి, మెడలో చిన్న డబ్బా వేలాడదీశారు, 24 గంటలు స్నానం లేదు. షాపుకొచ్చినవాళ్లంతా "ఏం సామీ, రేడియోనా?" అని ఒకటే నవ్వు. సరే, అంతవరకు బాగానే ఉంది.

శనివారం సాయంత్రం రిపోర్టు తెచ్చుకోవడానికి పోయాను. కౌంటర్లో అమ్మాయి కవరు తీసి, "హార్ట్ అబ్నార్మల్ వచ్చింది ఎవరిదండీ?" అని గట్టిగా అరిచింది. లైన్లో ఉన్న ఇరవై మందీ నా వైపు తిరిగారు. ఒక పెద్దావిడ అయ్యో అంటూ దారి ఇచ్చింది, నేనేదో పోయేవాడిలాగా! ప్రమాదమా అమ్మా అని అడిగితే "మేం చెప్పకూడదు సార్, డాక్టరు సోమవారం వస్తారు" అంది. చెప్పకూడదు గానీ అరవొచ్చా? ఈ మాట నాకు లీలామహల్ సర్కిల్ దాటాక, బండి మీద గుర్తొచ్చింది. అప్పుడే అడిగి ఉండాల్సింది.

ఇంటికొచ్చి చూస్తే మొత్తం దెబ్బలు 1,04,316, వెంట్రిక్యులర్ ఎక్టోపిక్స్, అంటే లయ తప్పిన దెబ్బలు, 1,842, బైజెమిని ఆరుసార్లు. 1,842 సార్లు తప్పిన గుండె ఎన్నాళ్లు పనిచేస్తుందని ఫోన్లో వెతికాను. అక్కడ ఎవరూ బతికేలా లేరు. ఆదివారం బాండ్లు, బ్యాంకు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ "ఏంది మీరు, అన్నీ బయటికి తీస్తా ఉండారు?" అని ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది. ఆ రెండు రోజుల్లో ఆ గుద్దులు రెట్టింపయ్యాయి. భయమూ, నిద్ర లేకపోవడమూ వాటిని పెంచుతాయని తర్వాత తెలిసింది.

సోమవారం పెద్ద డాక్టరు రెండు నిమిషాలు చూసి కాలిక్యులేటర్ నా ముందు పెట్టాడు. మొత్తం దెబ్బల్లో లయ తప్పినవి రెండు శాతం కూడా లేవు. "చూడు నాయనా, కొండకు పోయే బస్సు ఒకటి టైము కాకముందే సగం ఖాళీగా కదిలిందనుకో. గుండె నిండకముందే కొట్టిన దెబ్బ అదే, అందుకే చేతికి నాడి తెలియదు. తర్వాతి బస్సు కాసేపు ఆగి, నిండా జనంతో పోతుంది. నిన్ను గుద్దింది అది." ఆగలేదన్నమాట, తొందరపడింది! బైజెమిని అంటే మామూలుది ఒకటి, తొందరపడింది ఒకటి, ఇట్లా వరసగా రావడమట. ఎకో బాగుంది కాబట్టి మాత్రలు వద్దన్నాడు. పది శాతం దాటితే గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంటుంది, అప్పుడు గమనిస్తూ ఉండాలన్నాడు. స్పృహ తప్పినా, నడిచేటప్పుడు నొప్పి గానీ ఆయాసం గానీ వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా మాత్రం ఆలస్యం చేయొద్దన్నాడు. అలిపిరి మెట్లు ఎక్కొచ్చా అంటే నిక్షేపంగా ఎక్కమన్నాడు.

మీరు హోల్టర్ చేయించుకుంటే రిపోర్టు శనివారం మాత్రం తెచ్చుకోకండి. అంకె చూసి బెదరకండి, శాతం ఎంతో డాక్టర్నే అడగండి. కౌంటర్లో వాళ్లతో అసలు మాట్లాడకండి. నా షాపులో ఇప్పుడు ఎవరి రిపోర్టయినా బోర్లా పెట్టే ఇస్తున్నాను, నోరు మెదపను. జీతం తీసుకునే వాళ్లకు ఆ మాత్రం తెలియదు.

కాఫీ నాలుగు నుంచి ఒకటికి తగ్గించాను. నిన్న రాత్రి కూడా వచ్చాయి. లెక్కపెట్టొద్దని డాక్టరు చెప్పాడు గానీ పెట్టాను, ఐదు.