పెరట్లో గోధుమ పండించాం

మల్కాజిగిరిలో మా ఇంటి వెనక పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున కాస్త నేల ఉంది. ఏటా చలికాలంలో అందులో పాలకూర, మెంతికూర వేసేదాన్ని. మొన్నటి యాసంగిలో గోధుమ వేశాను. "హైదరాబాద్‌లో గోధుమేంటి?" అని అడగనివాళ్లు లేరు. జహీరాబాద్ వైపు, ఆదిలాబాద్ వైపు రైతులు ఎప్పటినుంచో కొద్దోగొప్పో వేస్తూనే ఉన్నారు. మా అత్తమ్మ పుట్టిల్లు జహీరాబాద్ దగ్గరి పల్లె. విత్తనం అక్కడినుంచే తెప్పించింది.

మన దగ్గర గోధుమకు మట్టి సమస్య కాదు, చలి చాలకపోవడమే సమస్య. పంజాబ్‌లో పైరు దాదాపు ఐదు నెలలు పొలంలో ఉంటుంది. మనకంత చలికాలం ఎక్కడిది? దక్కన్‌కు సరిపడే రకాలు నూరు, నూటపది రోజుల్లో కోతకొస్తాయి. బయట విత్తనం కొనేవాళ్లు ఎంఏసీఎస్ 6222 లాంటి ఈ ప్రాంతపు రకాలే చూసుకోవాలి. నవంబర్ దాటకుండా విత్తేస్తే ఫిబ్రవరిలో గింజ గట్టిపడుతుంది. ఆలస్యమైతే వేడికి గింజ నిండదు. "ఎండ ముదరకముందే గింజ పాలు పోసుకోవాలె బిడ్డా, లేకుంటే తాలైపోతది" అని అత్తమ్మ నవంబర్ మొదటి వారం నుంచే నా వెంట పడింది.

ఎకరాకు 40 కిలోల విత్తనం అనేది రైతుల లెక్క. మా మడికి యాభై, అరవై గ్రాములు చాలు. మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి మట్టి గుల్ల చేశాం. జానెడు ఎడంతో సాళ్లు గీసి, రెండంగుళాల లోతున గింజలు వేసి కప్పేశాం. వెంటనే పైన వల కట్టాం. ఈ ఊళ్లో పావురాల సంగతి తెలిసిందే, మొలక కనిపించేదాకా వాటికి అదే పని.

నేనందరికీ గట్టిగా చెప్పేది మూడో వారం గురించి. విత్తిన ఇరవై, ఇరవైయైదు రోజుల మధ్య మొక్క మొదట్లో, నేలకు కాస్త కిందుగా, కొత్త వేళ్లు పుడతాయి. ఇకమీదట మొక్కను నిలబెట్టేవి అవే. పిలకలు, అంటే మొదట్లోంచి వచ్చే పక్క కొమ్మలు, కూడా అప్పుడే వస్తాయి. ఆ సమయంలో తడి ఆరితే తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ పిలకలు రావు. రోజూ వేలు గుచ్చి తడి చూసేదాన్ని. ఓ మొక్క పక్కన మట్టి తప్పించి చూస్తే తెల్లగా, పొట్టిగా వేళ్లు చుట్టూ పొడుచుకొస్తున్నాయి. ఒక్క గింజ నుంచి ఐదారు పిలకలు వచ్చాయి. అంత సంతోషం కూరగాయల్లో నాకెప్పుడూ కలగలేదు.

ఆ తర్వాత పని తక్కువే. వారానికోసారి నీళ్లు, అప్పుడప్పుడూ కలుపు. కంకి కాండంలోనే దాగి ఉండే పొట్ట దశ దాటి కంకులు బయటికొచ్చాక, రసం పీల్చే పేనుబంక పురుగు కనిపించింది. నీళ్లలో కాస్త వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టాం, తగ్గిపోయింది. గింజ పాలు పోసుకోగానే రామచిలుకలు దిగాయి. తీసేసిన వలను మళ్లీ కట్టాల్సి వచ్చింది, ఈసారి కంకులకు తగలకుండా కర్రలమీద ఎత్తుగా.

కోత ఎప్పుడో అత్తమ్మ పంటితో తేల్చింది. ఓ కంకి నలిపి, గింజ కొరికి, "ఇంకా మెత్తగుంది, ఆగు" అంది. కొన్నాళ్లకు అదే గింజ టక్కున విరిగింది. ఆ రోజే కొడవలితో కోసి, డాబా మీద ఎండబెట్టాం. బాగా ఎండిన కంకులను గోనెసంచిలో వేసి కర్రతో కొట్టాం. కంకి మీసాలు చేతులకు గుచ్చుకుంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోవడం మేలు. సాయంత్రం గాలికి చేటతో తూర్పారబడితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగిలింది. అన్నిటికంటే ఎక్కువ కష్టం ఇక్కడే. చపాతీ పిండి ప్యాకెట్ ధర చూసి ఖరీదు అనడం ఆ రోజుతో మానేశాను.

దేశంలో సగటు దిగుబడి ఎకరాకు సుమారు 14 క్వింటాళ్లు. ఆ లెక్కన మా మడికి రెండు కిలోలు రావాలి, కిలోన్నర వచ్చింది. పక్కింటి గోడ నీడ పడ్డ వైపు కంకులు చిన్నగా ఉన్నాయి. గోధుమకు రోజంతా ఎండ తగలాలి, నీడ ఉన్నచోట వేయకండి.

గిర్నీలో ఇంత తక్కువైతే ముందు పోసినవాళ్ల పిండితో కలిసిపోతుంది. అందుకే ఇంట్లోనే ఇసుర్రాయితో విసిరాం. పిండి కాస్త బరకగా, పొట్టుతో సహా ఉంది. గోరువెచ్చని నీళ్లతో కలిపి అరగంట నాననిస్తే రొట్టె మెత్తగా వచ్చింది.

గింజలన్నీ పిండి చేసేయలేదు. గోధుమ పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి మన గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. బలమైన కంకుల గింజ వంద గ్రాములు వేపాకుతో స్టీలు డబ్బాలో పెట్టాం. ఈసారి నీడపడే వైపు వదిలేసి, డాబా మీద లోతైన టబ్బుల్లో కూడా వేస్తాం.