గేజ్ దగ్గర సన్న బుడగలు

సాగర్‌లో దిగేముందు రోజు రాత్రి, నల్లగొండలో మా పెరట్లో బకెట్ నీళ్లలో స్కూబా డైవింగ్ సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ప్రెజర్ గేజ్ ముంచి చూడటం నాకు అలవాటు. మొన్న హోస్ (గాలి గొట్టం) గేజ్‌ను కలిసేచోట దారంలా సన్న బుడగలు కనిపించాయి.

సిలిండర్ వాల్వ్ మూసి, నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ మీది పర్జ్ బటన్ నొక్కి హోస్‌లో మిగిలిన గాలంతా వదిలాను. ముల్లు సున్నాకు రానిదే స్పానర్ ముట్టను. 200 బార్ ఒత్తిడి అంటే భయం ఉండాల్సిందే. ఒక స్పానర్‌తో గేజ్ మెడ పట్టుకుని, ఇంకోదానితో నట్టు తిప్పాను. లోపల స్పూల్ అనే చిన్న లోహపు గొట్టం, దాని రెండు చివర్లా చెరొక ఓ-రింగ్, అంటే గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగు, కందిగింజంత. గేజ్ తిరిగేది దీనిమీదే కాబట్టి ముందు అరిగేవీ అవే.

ఒకటి చితికిపోయింది. పక్కనే తెల్లటి పొర! ఏడాదిగా బోరు నీళ్లతో కడిగాను మరి. మా దగ్గర ఆ నీళ్లు ఆరితే గిన్నెలకే తెల్లగా పడుతుంది. ఇకనుంచి కృష్ణా నీళ్లే.

రెండూ మార్చి, సిలికాన్ గ్రీజ్ మెరుపు కనిపించేంత రాశాను, అంతే. నట్టు చేత్తో బిగించాక స్పానర్‌తో కొంచెమే తిప్పాలి. బలం చూపిస్తే మర పోతుంది. హోస్ చివరి రబ్బరు తొడుగు కూడా వెనక్కి లాగి చూడండి, పగుళ్లు దాక్కునేది దానికిందే.

గేజ్ అద్దాన్ని నేలవైపు తిప్పి వాల్వ్ నెమ్మదిగా తెరిచాను. మళ్లీ బకెట్‌లో ముంచి ఐదు నిమిషాలు చూశాను. ఒక్క బుడగా రాలేదు.