ఇటుక అడిగిన కమాను

మా నాయన బేల్దారి. కడప చుట్టుపక్కల నలభై ఏళ్లు గోడలు కట్టాడు. ఇటుక చేతికొస్తే రెండోదానితో కొట్టి వింటాడు. ఖంగుమంటే గోడకు, లేదంటే పక్కకు.

పోయిన నెల మా వంటింటి కిటికీ మీద లింటెల్ పగిలింది. లోపలి కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బి, సిమెంటును పెళ్లలుగా తోసేశాయి. నాయన్ను కాదని ఆ పని కాంట్రాక్టుకిచ్చింది నేనే. ఆయన కిందనుంచి చూసి, "పాతింట్లో కమాను యాభై ఏండ్లయినా కదిలిందేమిరా?" అన్నాడంతే.

నాకు అమెరికా ఆర్కిటెక్టు లూయీ కాన్ గుర్తొచ్చాడు. ఏం కావాలని ఇటుకను అడిగితే కమాను కావాలందట. కమాను ఖర్చెక్కువ, కాంక్రీటు లింటెల్ వేస్తానన్నా అదే మాటట. ఆయన తన విద్యార్థులకు చెప్పిన ముచ్చట ఇది. డిప్లొమాలో విన్నప్పుడు నవ్వుకున్నాను. తర్వాత పనిమీద అహ్మదాబాద్ వెళ్లి ఆయన గీసిన ఐఐఎం చూశాక నవ్వు పోయింది. వంపు తక్కువున్న కమాను గోడల్ని రెండు పక్కలకూ తోస్తుంది. ఆ తోపుడు ఆపడానికి రెండు కొసలనూ కలుపుతూ కాంక్రీటు దూలం వేశాడు, విల్లుకు నారి బిగించినట్టు. దాన్ని పూతలో దాచలేదు కూడా.

అంతా బాగుందని కాదు. అక్కడా గోడల్లో పెట్టిన కడ్డీలు తుప్పు పట్టి ఇటుకలు చిట్లాయి. 2020 చివర్లో హాస్టళ్లు చాలావరకు కూల్చేస్తామన్నారు. దేశవిదేశాల్లో గోల లేస్తే అప్పటికి ఆగారు.

కాన్ పుట్టింది 1901లో, ఎస్టోనియాలో. మూడేళ్లప్పుడు నిప్పుల మెరుపు చూసి ముచ్చటపడి ముఖం కాల్చుకున్నాడు. ఆ మచ్చలు చివరిదాకా పోలేదు. 1906లో అమెరికా చేరారు. కుర్రతనంలో మూకీ సినిమాలకు పియానో వాయించి డబ్బు సంపాదించుకున్నాడు. పేరొచ్చింది యాభై దాటాకే. ఆయన గీసిన ఢాకా పార్లమెంటు భవనం 1982లో పూర్తయింది, చూసుకోవడానికి ఆయన లేడు.

1974 మార్చిలో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ పెన్ స్టేషన్ బాత్రూంలో గుండెపోటుతో పోయాడు. రెండు రోజులు ఇంటివాళ్లకు కబురే అందలేదు. మిగిలింది అప్పులు.

ఇదంతా చెబితే నాయన, "అయితే ఆయప్పా మన బేల్దారే" అన్నాడు.

లింటెల్ తీయించేశాం. పొద్దున్నుంచి నాయన వాకిట్లో కూర్చుని ఇటుకలు కొట్టి వింటున్నాడు. సగానికి పైగా పక్కకే పోతున్నాయి.