హాజరుపట్టీలో కుళ్లాయప్పలు

అమలాపురం దగ్గర మా ఊళ్లో పెద్ద పండగంటే సంక్రాంతే. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు కదిలే వేళకి ఎక్కడెక్కడి ఉద్యోగస్తులూ సెలవు పెట్టి దిగిపోతారు. మొహర్రం మాకు క్యాలెండర్లో ఎర్ర అంకె, అంతే. అనంతపురం జిల్లాకు టీచరుగా వచ్చాక హాజరు పిలుస్తుంటేనే ఇక్కడి లెక్క వేరని తెలిసింది. కుళ్లాయప్ప, ఫక్కీరప్ప, హుసేనమ్మ, మస్తానమ్మ, దస్తగిరి. వాళ్లలో ముస్లింలు ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్ల ఇళ్లలో సంతానం కోసం పీర్లకు, అంటే మొహర్రంలో ఎత్తే ముస్లిం మహనీయుల గుర్తులకు మొక్కుకుని, బిడ్డ పుట్టాక ఆ పేరు పెట్టుకున్నారు.

2025లో పీర్ల పండగ, ఇక్కడివాళ్లు మొహర్రాన్ని అనే మాట, జూలై మొదటివారంలో పడింది. బడులు తెరిచి నెల కూడా కాలేదు. పీర్ల ముందు నిప్పులు వేసే గుండం తవ్వారన్న కబురు రాగానే పిల్లల మనసు పాఠం మీద నిలవలేదు. కొందరు మొక్కు కోసం చేతికి దారం కట్టుకుని, నిష్ఠగా ఉండే ఫకీర్లయ్యారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ముట్టుకోలేదు. ఆయమ్మ ఏమీ అడక్కుండా వాళ్లకు పప్పు ఇంకో గరిటె వేసింది.

మేం పండగంటే శుభాకాంక్షలు చెప్పుకునేవాళ్లం. దీనికీ చెప్పొచ్చా అని మా లెక్కల మాస్టారిని అడిగాను. ఆయన ముస్లిం. "వద్దు మేడం. కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ గారినీ ఆయన వాళ్లనీ నీళ్లు కూడా దక్కనీకుండా చంపిన రోజులు ఇవి" అన్నారు. అది క్రీస్తు శకం 680 నాటి సంగతి. ఆ దాహాన్ని తలుచుకునే దారిన పోయేవాళ్లందరికీ షర్బత్ పోస్తారట. మరి కుళ్లాయిస్వామి పీరు ఉన్న గూగూడులో డప్పులు, తిరునాళ్ల సందడి ఏమిటన్నాను. "ఒకసారి పోయి చూడండి" అన్నారు.

ఏడో తరగతి పిల్లాడి అవ్వ తోడొచ్చింది. అనంతపురం నుంచి నార్పల మీదుగా గూగూడు చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి పెద్ద సరిగెత్తు, పీర్లను ఊరేగించే ముఖ్యమైన రాత్రి. బస్సుల్లో, ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం. కర్ణాటక నుంచి వచ్చినవాళ్లూ కనిపించారు. అవ్వ నాకో చక్కెర పొట్లం కొనిపించింది. "వట్టి చేతుల్తో పోకూడదు మేడం, చక్కెర చదివించల్ల."

వరసలో ఎంతసేపు నిలబడ్డామో. చేతి చెమటకి పొట్లం కాగితం మెత్తబడి, చక్కెర వేళ్లకు అంటుకుంది. పీర్లు ఉండే చావిడి లోపల సాంబ్రాణి పొగ కళ్లు మండించింది. హస్తం ఆకారంలో లోహపు పీర్లు, వాటికి చుట్టిన రంగురంగుల పట్టు గుడ్డలు, దట్టీలు, పైన పూలమాలలు. ఫాతెహా చదివింపు అయ్యాక సగం చక్కెర తిరిగి నా చేతిలో పోశారు. పేరు గానీ ఊరు గానీ ఎవరూ అడగలేదు. ఇంటికి దూరంగా ఉన్న మనిషికి అదెంత ఊరటో నాకు అప్పుడే తెలిసింది.

పక్కనే ఆంజనేయస్వామి గుడి. అవ్వ చావిడిలోంచి నేరుగా అక్కడికి నడిచి టెంకాయ కొట్టింది. ఇద్దరికీ మొక్కాలా అంటే, నన్ను ఎగాదిగా చూసి, "ఈయనకి చక్కెర, ఆయనకి టెంకాయ. యెవురికిచ్చేది వాళ్లకియ్యల్ల గదా" అంది. పేపర్లో ఏటా ఈ పండగ మీద మతసామరస్యం అని శీర్షిక పెడతారు. మంచిమాటే, కానీ ఆ వరసలో నిలబడ్డాక అది చాలదనిపించింది. అవ్వ సామరస్యం చాటడానికి రాలేదు. మనవడికి జ్వరం తగ్గితే వస్తానన్న మొక్కు తీర్చుకోడానికి వచ్చింది. కుళ్లాయిస్వామి ఆమెకి ఇంటి దేవుడు.

తెల్లవారుజామున గుండంలో కట్టెలు కాలి నిప్పులు పరుచుకున్నాయి. ఒడ్డున నిలబడలేనంత సెగ. పీరునెత్తుకున్న మనిషి నిప్పుల్లో అడుగుపెట్టగానే డప్పులూ కేకలూ ఏకమయ్యాయి. వెనకాల మొక్కుకున్నవాళ్లు. నేను వెళ్లలేదు, వెళ్లమని ఎవరూ బలవంతపెట్టలేదు కూడా.

పండగ ఆఖరి రోజైన జలధినాడు మళ్లీ వెళ్లాను. ఈసారి డప్పు దెబ్బ నెమ్మదించింది. పీర్లను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి, తిరుగుదారిలో వాటికి గుడ్డ కప్పేశారు. అంతవరకు బొరుగులు కొనిపెట్టి, మనవడిని కసురుతూ నడిచిన అవ్వ, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్లందరూ అంతే. పండగా, సంతాపమా అని మాస్టారిని అడిగిన ప్రశ్న మళ్లీ అడగబుద్ధి కాలేదు. రెండూ నా కళ్లముందే ఉన్నాయి.

హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులే కాబట్టి పండగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందే వస్తుంది. 2026లో అది జూన్ ఆఖరులోనే. ఆ వారంలో స్లిప్ టెస్టులు పెట్టొద్దని, సరిగెత్తు మర్నాడు రాని పిల్లలకు పాఠం మళ్లీ నేనే చెబుతానని హెడ్మాస్టరు గారికి రాసిచ్చాను. సరేనన్నారు.